వెనుక డ్రమ్ములు విప్పి చూడాలి: మారుతి 800 బ్రేకులతో పద్దెనిమిదేళ్ళు

2006లో విశాఖపట్నంలో కొన్న మారుతి 800ను నేను ఇప్పటికీ నడుపుతున్నాను. మీటరు 1,12,000 కిలోమీటర్లు దాటింది. అందులో 85,000 కిలోమీటర్ల వరకు ఉద్యోగంలో ఉన్న మొదటి పదేళ్ళలో తిరిగినవే. ఆ తరువాత బండి వారానికి ఒకటి రెండు సార్లు మాత్రమే బయటికి వస్తోంది. మొదటి పదేళ్ళలో బ్రేకులు అరిగాయి, తరువాతి ఎనిమిదేళ్ళలో అరగకుండానే పాడయ్యాయి. ఈ రెండో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది కనుక దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముందు చక్రాలకు డిస్కులు (ప్యాడ్లు రెండువైపులా నొక్కి ఆపే పళ్ళేలు), వెనుక చక్రాలకు డ్రమ్ములు (లోపలి నుంచి షూలు అనే వంపు ముక్కలు ఒత్తి ఆపే గిన్నెలు) ఉన్న ఏర్పాటు 650 కిలోల పైచిలుకు బరువున్న ఈ చిన్న కారుకు చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం. బ్రేకు తొక్కినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ముందు ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. ఊరి రద్దీలో నాకు ఒక్కో సెట్టు 25,000 నుంచి 30,000 కిలోమీటర్లు వచ్చింది. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు దిగగానే మార్పించేవాడిని. అయితే బయటివైపు ప్యాడ్‌ను మాత్రమే చూసి ఊరుకోకూడదు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ జారే పిన్నుల్లో గ్రీజు ఎండిపోతే లోపలి ప్యాడ్ ఒక్కటే డిస్కుకు రాసుకుంటూ అరిగిపోతుంది. ఒకసారి బయటి ప్యాడ్ సగం మిగిలి ఉండగానే లోపలిది ఇనుప రేకు దాకా వచ్చేసి, గరగరమంటూ డిస్కు మీద లోతైన గాట్లు పెట్టింది. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కు దాకా వచ్చింది.

2018 డిసెంబరులో అరకు నుంచి తిరిగివస్తూ అనంతగిరి ఘాట్ దిగుతున్నాము. బండిలో నలుగురం, సామాను. శృంగవరపుకోట వైపు దిగే మలుపుల్లో రెండో గేరులో దిగవలసిన చోట నేను మూడో గేరులో ఉండి, బ్రేకు మీదే భారమంతా వేశాను. ఒక మలుపు దగ్గర పెడల్ మెత్తబడి సగానికి పైగా దిగిపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు సాయంతో బండిని కొండవైపు అంచున ఆపగలిగాను. ముప్పావుగంట చల్లారాక పెడల్ మళ్ళీ గట్టిపడింది. ఆ ముప్పావుగంట నాకు ఇప్పటికీ గుర్తుంది.

ప్యాడ్లు అప్పటికి కొత్తవే. లోపం నాలుగేళ్ళుగా మార్చని బ్రేక్ ఆయిల్‌లో ఉంది. మనం ఆయిల్ అని పిలుస్తున్నా అది నూనె కాదు. గాలిలోని తేమను పీల్చుకునే గ్లైకాల్ జాతి ద్రవం. ఈ ద్రవాల్లో డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం, సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస పరిమితి 140 డిగ్రీలే. ఘాట్‌లో డిస్కుల వేడి క్యాలిపర్‌లోకి పాకి ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం ఒత్తిడికి కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. అందుకే పెడల్ కిందికి దిగినా ఆ బలం ప్యాడ్లకు అందదు. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకొకసారి ఆయిల్ మార్పించాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

ఇక వెనుక డ్రమ్ముల సంగతి. 2021లో పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్ళవలసి వచ్చింది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును మనవాళ్ళు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. ఆ పేరుకు తగ్గట్టు బండిని ముందే సిద్ధం చేసుకోవాలనుకున్నాను. మెకానిక్ ముందు చక్రాలు చూసి “బ్రేకులు బాగున్నాయి సార్” అన్నాడు. బానెట్ కింది బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ కొద్దిగా తగ్గితే నింపేశాడు కూడా. నేను పట్టుబట్టి వెనుక డ్రమ్ములు విప్పించాను. షూల మందం ఇంకా బాగానే ఉంది, కానీ షూలను తోసే వీల్ సిలిండర్‌కు ఎడమవైపు రబ్బరు తొడుగు ఎత్తగానే తడి కనబడింది. లోపలి రబ్బరు కప్పులు గట్టిపడి, సిలిండర్ గోడకు తుప్పు పట్టి, ఆయిల్ చెమ్మగా షూల మీదికి దిగుతోంది. కొన్ని నెలలుగా గట్టిగా బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడానికి కారణం అదే. ఆయిల్ పీల్చిన షూలను పెట్రోలుతో కడిగి మళ్ళీ బిగించే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. అది పనికిరాదు, వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్ళీ పైకి వస్తుంది. రెండువైపులా సిలిండర్లు, షూలు మార్పించాను. కూలీతో కలిపి నాలుగు వేల లోపే అయింది. ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయినా ఈ సామాను కోసం నేను తిరగవలసిన అవసరం రాలేదు.

డబ్బాలో ఆయిల్ తగ్గడానికి రెండు కారణాలుంటాయి: ప్యాడ్లు అరిగిన కొద్దీ ఆయిల్ క్యాలిపర్లలోకి దిగుతుంది, లేదా ఎక్కడో కారుతూ ఉంటుంది. ఏ కారణమో చూడకుండా నింపడమంటే బండి ఇస్తున్న హెచ్చరికను చెరిపేయడమే.

బ్రేక్ ఆయిల్ గొట్టాల్లో చేరిన గాలి తీసే పని ఇప్పుడు ఇంట్లోనే చేసుకుంటున్నాము. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనుక చక్రంతో మొదలుపెట్టి, మా అబ్బాయి పెడల్ తొక్కి పట్టుకుంటే నేను చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్‌ను వదులు చేసి, అతడు కాలు తీసేలోపు బిగిస్తాను. పాత బండిలో పెడల్‌ను నేల దాకా తొక్కకూడదు. మాస్టర్ సిలిండర్‌లో ఏళ్ళ తరబడి పిస్టన్ చేరని భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. రబ్బరు సీళ్ళు అక్కడికి వెళ్తే చిరుగుతాయి. అందుకని పెడల్ కింద చిన్న చెక్కముక్క పెడతాను. డ్రమ్ములోని పొడిని నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవడం మంచిది, పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు.

సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళో వానాకాలంలో హ్యాండ్ బ్రేకు లాగి వారం రోజులు వదిలేస్తే షూలు డ్రమ్ముకు పట్టేస్తాయి. ఎక్కువ రోజులు ఆపవలసి వస్తే గేరులో ఉంచి చక్రానికి ఇటుక అడ్డం పెడుతున్నాను. ముందు చక్రాలకు బ్రేక్ ఆయిల్ తీసుకెళ్ళే రబ్బరు గొట్టాలు మాత్రం ఇప్పటికీ బండితో వచ్చినవే. మొన్న వంచి చూస్తే సన్నని పగుళ్ళు కనబడ్డాయి కనుక, అవి మార్చేదాకా బండి బయటికి తీయడం లేదు.