యంత్రమా, కూలి పెంపా, ముందే తెలిసే షిఫ్టా: బర్గర్ దుకాణంలో పనివారికి ఏది మేలు?

అమెరికా ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో పని పరిస్థితులు బాగుపడాలంటే ఏం చేయాలన్న ప్రశ్నకు ఈ మధ్యకాలంలో మూడు రకాల జవాబులు వచ్చాయి. కాలిఫోర్నియా గంట కూలిని పెంచింది. న్యూయార్క్ నగరం పనివేళలకు కట్టుబాట్లు పెట్టింది. కంపెనీలు మాత్రం విసుగు పుట్టించే పనులను, ప్రమాదకరమైన పనులను యంత్రాలకు అప్పగిస్తామంటున్నాయి. తినేవారి వైపు నుంచి, వాటాదారుల వైపు నుంచి ఈ మూడింటినీ తూచినవారు చాలామందే ఉన్నారు గానీ, కౌంటర్ వెనక నిలబడే మనిషి వైపు నుంచి చూస్తే లెక్క వేరుగా తేలుతుంది.

ముందు యంత్రాల సంగతి. ఆర్డర్ తీసుకునే తెర, అంటే కియోస్క్, పనివారికి మేలు చేస్తుందన్న వాదన నాకు మింగుడుపడదు. అది తీసుకుపోయేది దుకాణంలో ఉన్నంతలో తేలికైన పనిని. పైగా కౌంటర్ దగ్గర వరుస ఉన్నంతకాలం అదే వంటింటికి పగ్గంగా ఉండేది. ఒకరి తర్వాత ఒకరు చెబితేనే ఆర్డర్ లోపలికి వెళ్ళేది. ఇప్పుడు నాలుగైదు తెరల మీద నలుగురైదుగురు ఒకేసారి ఉల్లిపాయ తీసేసి, చీజ్ కలిపి, సాస్ మార్చి బటన్ నొక్కుతారు, ఆ మార్పులన్నీ లోపల బన్ను మీద బన్ను పేర్చేవారి నెత్తిన ఒక్కసారిగా పడతాయి. మాట విని ఆర్డర్ రాసుకునే యంత్రం పరిస్థితి ఇంకా వింత. మెక్‌డొనాల్డ్స్ సంస్థ ఐబీఎంతో కలిసి వందకు పైగా దుకాణాల డ్రైవ్‌త్రూల్లో, అంటే కారు దిగకుండానే కిటికీ దగ్గర కొనుక్కునే చోట, దాన్ని పరీక్షించి, 2024లో ఆపేసింది. ఐస్‌క్రీమ్ మీద బేకన్ (పంది మాంసం ముక్కలు) చేర్చిన ఉదంతం అప్పట్లో అందరినీ నవ్వించింది. అలాంటి తప్పును సరిదిద్దాల్సింది మాత్రం కిటికీ దగ్గరున్న ఉద్యోగే.

ఫ్రయ్యర్, అంటే నూనెలో వేయించే తొట్టి, దగ్గర నిలిచే రోబోను వీటితో కలిపి కొట్టిపారేయలేం. సుమారు 175 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాగే నూనెలోకి బుట్ట దించడం, గంట మోగగానే ఎత్తి కుదిపి నూనె ఓడ్చడం, ఆలుగడ్డ ముక్కల మీద ఉప్పు చల్లడం, ఈలోగా పక్క బుట్ట గంట మోగడం, కాళ్ళ కింద నేల జిడ్డుతో జారడం: షిఫ్టు పొడవునా ఇదే పని. చేతుల మీద నూనె చుక్కల మచ్చలు పడేది ఇక్కడే. మిసో రోబోటిక్స్ సంస్థ తయారుచేసిన ఫ్లిప్పీ అనే రోబో 2018లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో బర్గర్లు తిప్పడానికి వచ్చి, జనం తాకిడికి పక్కన ఉన్న మనుషులు దాని వేగానికి కుదురుకోలేకపోవడంతో కొద్ది రోజులకే విరామం తీసుకుంది. తర్వాత అది ఫ్రయ్యర్ వైపు మళ్ళింది. 2020లో వైట్ కాజిల్ అనే బర్గర్ సంస్థ దాన్ని పరీక్షకు పెట్టుకుంది. అయినా నూనె మార్చడం, తొట్టి కడగడం మనిషికి తప్పలేదు.

కూలి సంగతికి వస్తే, దేశమంతటా కనీసం 60 దుకాణాలున్న సంస్థలు గంటకు 20 డాలర్లు ఇవ్వాలన్న కాలిఫోర్నియా నిబంధన 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అప్పటికి ఆ రాష్ట్ర సాధారణ కనీస వేతనం 16 డాలర్లు. దీనివల్ల ఉద్యోగాలు పోయాయా లేదా అన్నదానిపై ఆర్థికవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కూలి పెంచడం వల్లే కియోస్కులు వచ్చాయన్న మాట మాత్రం పూర్తిగా నిలవదు, ఎందుకంటే 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగిన ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కనీస వేతనం వర్తించే రాష్ట్రాల్లోనూ అవి ఉన్నాయి. అసలు లోపం మరోచోట ఉంది. వారానికి 25 గంటలు 16 డాలర్లకు పనిచేస్తే 400 డాలర్లు వస్తాయి; 20 డాలర్లిచ్చి గంటలను 18కి కుదిస్తే 360 మాత్రమే మిగులుతాయి.

ఆ సందును పూడ్చడానికి ప్రయత్నించింది న్యూయార్క్. 2017 నవంబరులో అమల్లోకి వచ్చిన అక్కడి చట్టం ప్రకారం షిఫ్టుల పట్టికను 14 రోజుల ముందే ఇవ్వాలి, తర్వాత మారిస్తే అదనంగా చెల్లించాలి. రాత్రి దుకాణం మూసినవారినే 11 గంటలు గడవకముందే తెరవడానికి రమ్మంటే రాతపూర్వక అంగీకారంతో పాటు 100 డాలర్లు ఇవ్వాలి. కొత్తవారిని చేర్చుకునే ముందు మిగులు గంటలను ఉన్నవారికి చూపాలి. 2021 జూలై నుంచి సరైన కారణం లేకుండా తీసేయడమూ, గంటలను 15 శాతానికి మించి కోయడమూ కుదరదు. ఇది కాగితం మీది చట్టమేనని పెదవి విరిచేవారికి 2022 నాటి ఒప్పందం గుర్తుచేయాలి: మెక్సికన్ వంటకాలు అమ్మే చిపోట్లే సంస్థ సుమారు 13,000 మంది ఉద్యోగులకు 2 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది.

కాబట్టి పిల్లలున్నవారికి, రెండు ఉద్యోగాలు చేసేవారికి న్యూయార్క్ దారే మేలని నా అభిప్రాయం. రేపు ఎన్ని గంటలు దొరుకుతాయో తెలియకపోతే 20 డాలర్లతో ఇంటి అద్దె లెక్క వేసుకోలేరు. అమెరికాలో చదువుకునే మన పిల్లల లెక్క వేరు. తరగతులు సాగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పని చేయడానికి వీసా ఒప్పుకోదు గనుక, ఫుడ్‌కోర్టులో నిలబడే విద్యార్థి చేతికొచ్చే డబ్బు పెరగాలంటే గంట రేటు పెరగాల్సిందే. యంత్రాన్ని ఈ రెండింటికీ బదులుగా కాక తోడుగా, అదీ ఫ్రయ్యర్ దగ్గరి నుంచి మొదలుపెట్టి తెస్తే అభ్యంతరం ఉండనక్కర్లేదు. కంపెనీలు ముందుగా కౌంటర్ దగ్గరే తెర పెట్టడానికి కారణం ఊహించడం కష్టమేమీ కాదు: తెర చవక, రోబో చేయి ఖరీదు.