నాలుగైదు అంగుళాల టెలిస్కోపుతో వేడి గురుగ్రహాన్ని పట్టాలంటే ఏది మేలు: హెచ్‌డీ 209458 లేక 189733?

తన నక్షత్రానికి అతి దగ్గరగా తిరిగే గురుడంతటి గ్రహమే వేడి గురుగ్రహం. అది నక్షత్రం ముందుగా దాటేటప్పుడు (దీన్నే ట్రాన్సిట్ అంటారు) వెలుగు ఎంత తగ్గిందో కెమెరాతో నమోదు చేయడమే మన పని. 1995లో గ్రహం బయటపడ్డ 51 పెగాసి నక్షత్రం పేరే ముందు గుర్తొస్తుంది గానీ, ఈ పనికి అది అక్కరకు రాదు. దాని గ్రహం మనకూ నక్షత్రానికీ నడుమ అడ్డంగా దాటదు, వెలుగు తగ్గదు. పోటీ పైన చెప్పిన రెండు హెచ్‌డీ నక్షత్రాల మధ్యే. రెండూ దాదాపు 7.7 మాగ్నిట్యూడే, అంటే ప్రకాశంలో సమానమే.

189733లో ట్రాన్సిట్ అప్పుడు వెలుగు సుమారు 2.4 శాతం పడిపోతుంది, గంటా యాభై నిమిషాల్లో ముగుస్తుంది. అది సూర్యుడికన్నా చిన్న నారింజ నక్షత్రం, అందుకే గ్రహం ఎక్కువ భాగాన్ని కప్పేస్తుంది. 209458 దాదాపు సూర్యుడి తరహా. తగ్గుదల 1.5 శాతమే, మూడు గంటలు పడుతుంది. ముందొక గంట, వెనకొక గంట మామూలు వెలుగు కూడా నమోదు కావాలి కాబట్టి ఒకదానికి నాలుగు గంటలు, ఇంకోదానికి ఐదు గంటలు ఆకాశం తేటగా ఉండాలి.

మరి 189733 గెలిచినట్టేనా? మన దగ్గర అంత తేలిక కాదు. అది శ్రవణానికి ఉత్తరాన ఉంది, రాత్రంతా కనిపించే జూలై మనకు వానాకాలం. వానలు తగ్గే అక్టోబరుకల్లా చీకటిపడ్డ కాసేపటికే పడమటికి వాలడం మొదలుపెడుతుంది. పూర్వాభాద్రకు పడమరగా ఉన్న 209458 మాత్రం అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో హైదరాబాదు నడినెత్తికి ఒకటిన్నర డిగ్రీల దూరంలోకి వస్తుంది. గాలిపొర అతి పలచగా అడ్డొచ్చే చోటు అదే.

చిక్కు కూడా అక్కడే. జర్మన్ ఈక్వటోరియల్ మౌంటు (భూభ్రమణాన్ని అనుసరించి టెలిస్కోపును తిప్పే ఒక రకం స్టాండు) ఆకాశాన్ని తూర్పు పడమరలుగా చీల్చే మధ్యరేఖ దగ్గర తిరగబడాలి. నక్షత్రం కెమెరా సెన్సరులో వేరే పిక్సెళ్ల మీద పడి, వెలుగు గ్రాఫులో మెట్టులాంటి విరుపు వస్తుంది. అది ట్రాన్సిట్ అంచున పడితే శ్రమంతా వృథా. తిప్పడం ట్రాన్సిట్‌కు ముందో, నడిమధ్యనో ఉండేలా చూసుకోండి, ఫ్లాట్ ఫ్రేములు (పిక్సెళ్ల హెచ్చుతగ్గులు సరిచేయడానికి సమానమైన వెలుగును తీసే ఫొటోలు) జాగ్రత్తగా తీయండి. పైకీ కిందికీ, పక్కలకూ తిరిగే ఆల్ట్-అజిమత్ మౌంటైతే నడినెత్తిన ట్రాకింగే తడబడుతుంది.

ఏ రాత్రి కుదురుతుందన్నది 209458కి సులువు లెక్క. గ్రహం ఒక చుట్టు తిరిగే 3.5247 రోజులను రెట్టింపు చేస్తే వారం మీద 71 నిమిషాలు. ఈ శనివారం ఎనిమిదింటికి నడిమధ్య పడితే, వచ్చే శనివారం తొమ్మిదీ పదకొండు నిమిషాలకు. 189733కి (చుట్టుకు 2.2186 రోజులు) దాదాపు అదే వేళ కుదిరేది 20 రోజులకొకసారి, అదీ 47 నిమిషాలు ముందుగా.

రెంటికీ ఫోకస్ కావాలనే చెడగొట్టాలి. నక్షత్రం పదిహేను ఇరవై పిక్సెళ్ల గారెలా పరుచుకుంటే ఇరవై సెకన్ల ఎక్స్‌పోజరుకూ సెన్సరు నిండిపోదు, మిణుకూ సగటై పోతుంది. అయితే 189733 పాలపుంతలో ఉంది, పక్కనే డంబెల్ నెబ్యులా. ఎక్కువ చెదరగొడితే చుట్టుపక్కల చిన్న చుక్కలు కలిసిపోతాయి. 209458 చుట్టూ ఆకాశం ఖాళీ, కానీ పోల్చుకోవడానికి సరిపడా ప్రకాశమున్న నక్షత్రం దొరకాలంటే వెడల్పైన ఫీల్డు (ఒక ఫొటోలో పట్టే ఆకాశం) కావాలి. పైగా 189733 మీద మచ్చలున్నాయి, దాని వెలుగు స్వయంగానే మారుతుంటుంది.

ఫీల్డు వెడల్పుగా ఉండి, మౌంటు నమ్మదగ్గదైతే మొదటి ప్రయత్నంగానే 209458 తీసుకోండి. ఐదు గంటలు ట్రాకింగ్ నిలవని మౌంటైతే 189733తోనే మొదలుపెట్టండి, అక్టోబరు మొదటి వారాల్లో, చీకటి పడీ పడగానే.