ఓటు వెయ్యనివాళ్లని ఎలా లెక్కపెట్టాలి? నోమిక్ ఓటింగ్ రూల్స్‌పై సమీక్ష

నోమిక్ ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఈ ఆటలో ఎత్తు వెయ్యడమంటే రూల్ మార్చడమే. తన వంతు వచ్చినప్పుడు ప్రతి ఆటగాడూ ఒక రూల్ పెట్టాలనో, తీసెయ్యాలనో, సవరించాలనో ప్రతిపాదిస్తాడు. అందరూ ఓటేస్తారు. ఎలా ఓటెయ్యాలన్నది కూడా ఒక రూలే కాబట్టి దాన్నీ ఓటేసి మార్చుకోవచ్చు. అప్పట్లో తత్వశాస్త్రం చెప్పే అమెరికన్ ప్రొఫెసర్ పీటర్ సూబర్ దీన్ని 1982లో తయారుచేశారు. అదే ఏడాది జూన్‌లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో డగ్లస్ హాఫ్‌స్టాటర్ తన శీర్షికలో దీన్ని పరిచయం చేశారు. మొదలుపెట్టడానికి సూబర్ ఇచ్చినవి 29 రూల్స్. 101 నుంచి 116 వరకు మార్చలేనివి, 201 నుంచి 213 వరకు మార్చగలిగేవి. మార్చలేనిది అంటే ఎప్పటికీ ముట్టుకోకూడదని కాదు. ముందు అందరూ ఒప్పుకుని దాన్ని మార్చగలిగే రూల్‌గా చెయ్యాలి, ఆ తర్వాత ఇంకో ప్రతిపాదనతో సవరించుకోవాలి.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లం కొందరం దీన్ని కొన్నేళ్లుగా ఆన్‌లైన్‌లో, తెలుగులోనే ఆడుతున్నాం. కలిసి కూర్చుని ఆడదామనే మొదట అనుకున్నాం. కానీ ఒకరు వైట్‌ఫీల్డ్, ఒకరు ఎలక్ట్రానిక్ సిటీ, ఇంకొకరు హెబ్బాళ్. సాయంత్రం సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్ దాటి రమ్మంటే ఎవరొస్తారు? అందుకని ఒక చాట్ గ్రూపు, అందరూ చూడగలిగే ఒక షీట్, రూల్ పుస్తకం కోసం ఒక డాక్యుమెంట్ పెట్టుకున్నాం. ఇప్పటికీ అంతే.

ఈ సమీక్ష ఆట మొత్తం మీద కాదు, ఓటింగ్ రూల్స్ మీద మాత్రమే. ఇన్నాళ్లు ఆడాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. కొత్తగా మొదలుపెట్టే ప్రతి గ్రూపూ సగం చాలా, మూడింట రెండొంతులు కావాలా అని వాదించుకుంటుంది. ఆన్‌లైన్ ఆట నిలబడేదీ కూలేదీ అక్కడ కాదు. సగం అంటే ఎవరిలో సగం? గ్రూపులో ఉన్నవాళ్లందరిలోనా, ఓటేసినవాళ్లలోనా? ఏ రోజున ఉన్నవాళ్లలో? లవం గురించి కాదు, హారం గురించి కూర్చుని ఆలోచించాలి.

సూబర్ రూల్స్‌లో నాకు బాగా నచ్చింది 203. మొదటి రెండు రౌండ్లు ఏ మార్పుకైనా అందరూ ఒప్పుకోవాలి. అప్పటికీ ఎవరూ ఈ రూల్‌ని సవరించకపోతే దానంతటదే సాధారణ మెజారిటీకి దిగిపోతుంది. కొత్తవాళ్లు ఒకరినొకరు అర్థం చేసుకునేదాకా ఆటని నెమ్మదిగా నడిపించి, తర్వాత వదిలిపెడుతుంది. చాలా తెలివైన ఏర్పాటు. ఆ రెండు రౌండ్లూ మేం దీన్ని ముట్టుకోలేదు.

ఇబ్బంది పెట్టేది 105. ఓటు హక్కున్న ప్రతివాళ్లూ ప్రతి ఓటింగ్‌లోనూ పాల్గొనాలి అంటుంది. బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నప్పుడు అందులో సమస్యేమీ లేదు. ఆన్‌లైన్‌లో మాత్రం ఒక్క మనిషి కనబడకపోతే ఆట ఆగిపోతుంది. మాకు సంక్రాంతికి సరిగ్గా ఇదే జరిగింది. కళాసిపాళ్యంలో బస్సెక్కి ప్రకాశం జిల్లాలో సొంతూరికి వెళ్లినాయన పండగ అయ్యేదాకా దొరకలేదు. ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం. పోనీ 105ని మారుద్దామా అంటే అది మార్చలేని రూల్స్ జాబితాలో ఉంది, దాన్ని బయటికి తేవాలన్నా అందరి ఓటూ కావాలి. అందరిలో ఆయనా ఉన్నాడు. ఆయన తిరిగొచ్చాకే మళ్లీ ఆట కదిలింది. వచ్చీరాగానే మొదటి ప్రతిపాదన ఆయనే పెట్టాడు, 105ని మార్చగలిగే రూల్‌గా చేద్దామని. ఆన్‌లైన్‌లో ఆడాలనుకునేవాళ్లు ఈ ఒక్కదాన్ని మొదటిరోజే మార్చగలిగే జాబితాలోకి తెచ్చి పెట్టుకోండి.

105 పోయాక వచ్చే ప్రశ్న: ఓటు వెయ్యనివాడి మౌనానికి అర్థమేమిటి? మేం ముందు "ఆటగాళ్లందరిలో సగానికి మించి సరే అనాలి" అని పెట్టుకున్నాం. అంటే మౌనంగా ఉన్నవాళ్లు వద్దన్నట్టే. ఒకసారి మా కరీంనగర్ తమ్ముడి ప్రతిపాదన ఒక్క ఓటుతో పోయింది. పోయిందని బాధపడుతూ, ఓటెయ్యని వాళ్లలో తన దగ్గరి స్నేహితుడు ఉన్నాడని షీట్‌లో చూసి అతన్ని నిలదీశాడు. ఆ స్నేహితుడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మని హాస్పిటల్‌లో పెట్టి మూడ్రోజులుగా ఇక్కడే ఉన్నా. వాడి ప్రతిపాదన వద్దని నేనెప్పుడన్నా?" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ గుర్తుంది. అతను అననిమాటని అతని నోట్లో పెట్టింది మా రూలే. ఆటలో ఓడిపోవడం వేరు, మనిషి తలుచుకోని పనిని అతని ఖాతాలో రాయడం వేరు. అది ఆట అయినా సరే తప్పే.

అక్కణ్ణించి కోరం, అంటే కనీసం ఇంతమంది ఓటెయ్యాలనే పద్ధతికి మారాం. ఆటగాళ్లలో సగంమంది ఓటేస్తే చాలు, అందులో సరేలు ఎక్కువుంటే నెగ్గినట్టు. చదవడానికి ఎంతో న్యాయంగా ఉంది. ఆడి చూస్తేగాని దీని లొసుగు తెలియదు. అప్పుడు మేం 11 మంది, కోరం ఆరు. ఒక ప్రతిపాదనకి ఐదు సరేలు పడ్డాయి, ఒక్క వద్దూ లేదు. వ్యతిరేకించేవాడు నిజాయితీగా వచ్చి వద్దని ఓటేశాడే అనుకోండి, ఆరో ఓటు పడి కోరం నిండుతుంది, 5–1తో ప్రతిపాదన నెగ్గుతుంది. నోరుమూసుకుని కూర్చుంటే కోరం లేక అదే పోతుంది. అంటే మనసులో మాట చెప్పినవాడు నష్టపోతాడు, దాక్కున్నవాడు గెలుస్తాడు. రెండు వారాల్లో వ్యతిరేకులందరూ ఓటెయ్యడం మానేశారు. ఇంకోసారి, గడువుకి ముందురోజు ముగ్గురు కొత్తవాళ్లు ఆటలో చేరారు. దేనికీ ఓటెయ్యలేదు, ఏమీ మాట్లాడలేదు. 11 మంది కాస్తా 14 అయ్యారు, కోరం ఆరు నుంచి ఏడుకి పెరిగింది, ఆరు ఓట్లున్న ప్రతిపాదన పడిపోయింది. రూల్స్ ప్రకారం అంతా సక్రమమే.

ఈ రెండింటికీ మందు దొరికింది. ఒకటి, ప్రతిపాదన పెట్టిన నిమిషానికి ఉన్న ఆటగాళ్ల జాబితానే దాని ఓటర్ల జాబితా. తర్వాత ఎవరు చేరినా, ఎవరు వెళ్లినా ఆ లెక్క మారదు. రెండు, కోరాన్ని మొత్తం ఓట్లతో కాకుండా సరే ఓట్లతో కొలవడం. ఓటర్లలో కనీసం మూడోవంతు సరే అనాలి, ఆ సరేలు వద్దుల కంటే ఎక్కువుండాలి. 11 మందిలో నాలుగు సరేలు. ఇప్పుడు వద్దు అని వేసే ఓటు ఎప్పుడూ వద్దుకే పనిచేస్తుంది, తిరగబడి సరేకి సాయం చెయ్యదు. నలుగురితో రూల్ మారిపోవడమేంటని మాలో ఇద్దరికి ఇప్పటికీ అసంతృప్తి ఉంది. మామూలు రూల్‌ని వచ్చేవారం మళ్లీ మార్చుకోవచ్చు కాబట్టి నాకు అది పెద్ద ప్రమాదంగా కనిపించదు.

మరి అస్సలు కనబడనివాళ్ల సంగతి? వరసగా మూడు ఓటింగ్‌లకి రాకపోతే పేరు విశ్రాంతి జాబితాలోకి వెళ్తుంది, హారంలోంచి తప్పుకుంటుంది. పాయింట్లు పోవు, జరిమానా లేదు. "వచ్చాను" అని గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే మళ్లీ ఆటలో ఉన్నట్టే. మేం రాసుకున్న రూల్స్ అన్నిట్లోకీ ఇది చిన్నది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. హాస్పిటల్లో ఉన్న మనిషి ఆట గురించి టెన్షన్ పడక్కర్లేదు, ఆట అతని కోసం ఆగక్కర్లేదు.

ఇక 204. మెజారిటీ పద్ధతి వచ్చాక, నెగ్గిన ప్రతిపాదనకి వద్దని ఓటేసినవాళ్లకి తలా 10 పాయింట్లు. ఓడినవాళ్లకి ఓదార్పు, మంచి ఆలోచన. అందరూ ఒకేసారి చెయ్యెత్తితే బాగానే పనిచేస్తుంది. షీట్‌లో ఒక్కొక్కరే ఓటేస్తుంటే వేరే కథ. మా పాత పద్ధతిలో గడువు ఆదివారం రాత్రి 10. తొమ్మిదిన్నరకి షీట్‌లో రెండే ఓట్లు. పైన మూలన చూస్తే అందరి పేర్లూ వెలుగుతున్నాయి, అందరూ షీట్ తెరుచుకుని కూర్చున్నారు. 9:57 దాకా ఎవరూ కదల్లేదు. ఎలాగోలా ఆరో సరే పడగానే మిగతా ఐదుగురూ గబగబా వద్దు కొట్టారు, వాళ్లలో ముగ్గురు అంతకుముందు ఆ ప్రతిపాదనని మెచ్చుకున్నవాళ్లే. అక్కడ ఓటు అభిప్రాయం కాదు, పది పాయింట్ల టోకెన్.

మాలో సగంమంది సాఫ్ట్‌వేర్‌వాళ్లం కాబట్టి మూసిన ఓటు పద్ధతి తెచ్చాం. ముందు ఓటుని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పి చదవలేని అంకెలూ అక్షరాల వరసగా మార్చి, ఆ వరస మాత్రమే షీట్‌లో పెట్టాలి. గడువయ్యాక అసలు ఓటు చూపించాలి, హ్యాష్‌తో సరిపోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: ఉత్త "సరే" అన్న మాటకి హ్యాష్ ఎప్పుడూ ఒకటే, ఎవరైనా పోల్చుకుని కనిపెట్టేస్తారు. ఓటు పక్కన మీకు మాత్రమే తెలిసిన ఏదో ఒక పొడుగాటి చెత్త పదం కలపాలి. సాఫ్ట్‌వేర్ తెలియని మా అక్కయ్యలిద్దరికి ఇది తలనొప్పి అయింది, వాళ్లకోసం ఒక చిన్న పేజీ తయారుచేసి ఇచ్చాం. ఆ తర్వాత నుంచి ఓట్లు తొందరగానే పడుతున్నాయి, ఆఖరి నిమిషం కాపలా పోయింది.

గడువు విషయం తొందరగా చెప్పేస్తాను. 1993 నుంచి ఇప్పటిదాకా నడుస్తున్న అగోరా అనే నోమిక్‌లో ఓటింగ్‌కి ఏడు రోజులిస్తారు. 2003లో మొదలైన బ్లాగ్‌నోమిక్‌లో 48 గంటలు. నెలాఖర్లు, రిలీజులు, నైట్ షిఫ్టులు ఉన్న మాకు 48 గంటలు చాలలేదు, ఏడు రోజులైతే ఆట మర్చిపోతున్నాం. 72 గంటలు కుదిరింది. అగోరా నుంచి ఇంకో మంచి అలవాటు తీసుకున్నాం: సరే, వద్దు కాకుండా "హాజరు" అని కూడా ఓటెయ్యొచ్చు. ఏ పక్కకీ లెక్కకి రాదు, మనిషి ఉన్నాడని మాత్రం తెలుస్తుంది. ఓట్లు సమానమైతే ప్రతిపాదన పోయినట్టే.

మార్చలేని రూల్స్ విషయంలో మాత్రం దారి చూపించింది మాలో లా చదివిన వదిన. మన రాజ్యాంగం 368వ అధికరణం చూడమన్నారు. సవరణ బిల్లుకి ప్రతి సభలోనూ రెండు లెక్కలు ఒకేసారి సరిపోవాలి: మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు. 543 మంది లోక్‌సభలో 300 మందే ఓటేస్తే 200 ఓట్లతో రెండో లెక్క తీరుతుంది, కానీ మొదటిదానికి 272 కావాలి. అందరూ వచ్చి ఓటేస్తే 272 చాలదు, 362 కావాలి. ఒక హారం సభ ఖాళీగా ఉన్నప్పుడు కాపలా కాస్తుంది, ఇంకోటి నిండుగా ఉన్నప్పుడు. అందరూ ఒప్పుకోవాలన్న 109ని తీసేసి ఈ పద్ధతి పెట్టుకున్నాక ఒక్కరి మొండితనానికో గైర్హాజరుకో ఆట బందీ కావడం లేదు. రాజ్యాంగం మూల స్వరూపాన్ని సవరణతో కూడా మార్చకూడదన్న 1973 కేశవానంద భారతి తీర్పులో లాగా కొన్ని రూల్స్‌ని శాశ్వతంగా బిగించేద్దామని కూడా చర్చ వచ్చింది. నేను వ్యతిరేకించాను. దేశానికి అది అవసరం, నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఈ ఆట మాత్రం తన అధికారాన్ని తానే మార్చుకోగలగడం మీద నిలబడింది, 115వ రూల్ ఆ మాట సూటిగానే చెబుతుంది.

ఇంకొక్క రూల్ తప్పనిసరిగా రాసుకోండి. మూడింట రెండొంతులు ఉన్నచోట ఎవరో నాలుగింట మూడొంతులు చెయ్యాలని ప్రతిపాదించి, మూడింట రెండొంతులతోనే నెగ్గించుకోవచ్చు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, తాము వచ్చిన దారిని వెనకవాళ్లకి మూసేస్తారు. మా దగ్గర ఓటు హద్దుని ఎంతకి పెంచాలంటే ఆ ప్రతిపాదనకి అన్ని ఓట్లు రావాలి. నాలుగింట మూడొంతులు కావాలనేవాళ్లు ముందు నాలుగింట మూడొంతులు తెచ్చి చూపించాలి.

తీరని లోటు ఒకటి మిగిలింది. మూసిన ఓటు వేసి, గడువయ్యాక తెరవనివాళ్లు. ఓడిపోతున్నామని తెలియగానే తెరవకుండా ఊరుకుంటే ఆ ఓటుని ఏమనాలి? ప్రస్తుతానికి "హాజరు" కింద లెక్కేస్తున్నాం. తెరవనందుకు ఐదు పాయింట్లు కోసేద్దామన్న ప్రతిపాదన ఈ వారం ఓటింగ్‌లో ఉంది, నేను సరే అనే వేస్తాను. ఐదారుగురు ఒకే ఇంట్లో కూర్చుని ఆడేవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు, సూబర్ ఇచ్చిన 29 రూల్స్‌తోనే మొదలుపెట్టండి. పదిమంది దాటి, ఒక్కొక్కరు ఒక్కో షిఫ్టులో ఉంటే మాత్రం ఓటర్ల జాబితా రూల్, విశ్రాంతి జాబితా రూల్ పెట్టుకున్నాకే మొదటి ప్రతిపాదన తీసుకోండి.