కెమెరా కొనే ముందు కృష్ణ ఒడ్డున మూడు రోజులు

ఫొటోలకూ వీడియోలకూ కలిపి ఒకే ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీ, అంటే లెన్సు లేని కెమెరా, కొనాలని నేనూ మా బావమరిదీ అనుకుని ఆరు నెలలు దాటింది. నేను చాలా ఏళ్లుగా పాత కెనాన్ 6డి తో ఫొటోలు తీస్తున్నాను. అతను గుంటూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ వీడియో తీస్తాడు. ఇద్దరి అవసరాలూ ఒకటి కావు. నాకు చీకటి మండపంలో శుభ్రంగా వచ్చే ఫొటో కావాలి, అతనికి గంటసేపు ఆగకుండా నడిచే రికార్డింగు కావాలి. రెండు లక్షల చుట్టూ తిరిగే వస్తువును దుకాణంలో పది నిమిషాలు చేత్తో పట్టుకుని కొనడం నాకు నచ్చలేదు. మనం ఎక్కడ పని చేస్తామో ఆ వెలుతురులో, ఆ వేడిలో, ఆ దుమ్ములో వాడి చూస్తే తప్ప తేలదని చెప్పాను. "అయితే అద్దెకు తీసుకుని తిరుగుదాం బావగారూ, ఎలాగూ మార్చిలో నాకు ముహూర్తాలు తక్కువే" అన్నాడు. అలా మొదలైంది ఈ మూడు రోజుల ప్రయాణం.

విజయవాడలో ఏలూరు రోడ్డు దగ్గర అద్దెకిచ్చే ఒక దుకాణంలో సోనీ ఏ7 4, కెనాన్ ఆర్6 మార్క్ 2, నికాన్ జడ్6 3 తీసుకున్నాము. ఆధార్ నకలు, కొంత డిపాజిట్ తీసుకుని, సాయంత్రం నుంచి సాయంత్రం దాకా ఒక రోజుగా లెక్క కట్టారు. అద్దెకు తీసుకునేవారు ఒక్క జాగ్రత్త తప్పక పడాలి. బాడీని బయటికి తెచ్చే ముందే ఒక తెల్ల గోడను చిన్న అపెర్చర్‌లో, అంటే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఫొటో తీసి, వెలుగును పట్టే సెన్సార్ మీద మచ్చలున్నాయేమో చూసుకుని, ఉంటే వారి ఎదుటే రాయించుకోవాలి. మేము తీసుకున్న ఒక బాడీ సెన్సార్ మీద రెండు మచ్చలు కనిపించాయి. దుకాణంలోని అబ్బాయి ఏమీ విసుక్కోకుండా బ్లోయర్‌తో ఊది, మళ్లీ ఫొటో తీసి చూపించాడు. తర్వాత తిరిగి ఇచ్చేటప్పుడు మా మధ్య ఏ పేచీ రాకపోవడానికి ఆ అయిదు నిమిషాలే కారణం.

మొదటి రాత్రి గవర్నరుపేటలో ఒక లాడ్జిలో దిగాము. గది శుభ్రంగానే ఉంది కానీ మొత్తానికి పనిచేసే ప్లగ్గు ఒక్కటే, అదీ మంచం వెనక. మూడు బాడీలు, రెండు ఫోన్లు, ఒక లాప్‌టాప్ దాని మీదే ఆధారపడ్డాయి. మూడు కెమెరాలూ యూఎస్‌బీ సీ తీగతో చార్జ్ అవుతాయి కాబట్టి పవర్ బ్యాంకుతో నెట్టుకొచ్చాము, అయినా అర్ధరాత్రి రెండుసార్లు లేచి తీగలు మార్చవలసి వచ్చింది. కెమెరాతో తిరిగేవారికి గదిలో ఏసీ కన్నా ప్లగ్గుల సంఖ్య ముఖ్యమని ఆ రాత్రి నాకు గట్టిగా తెలిసింది. రెండో రాత్రి భవానీపురం వైపు, నది ఒడ్డున ఉన్న పర్యాటక శాఖ వారి హరిత బెర్మ్ పార్కుకు మారాము. అక్కడ గది తలుపు తీస్తే కృష్ణ, భవానీ ద్వీపానికి వెళ్లే పడవలు, తెల్లవారుజామున నీటి మీద మంచు. ఫొటోలు తీసుకునేవారు అద్దె కొంచెం ఎక్కువైనా ఇటువంటి చోట దిగడమే మేలు, ఎందుకంటే సూర్యోదయానికి ఎక్కడికీ ప్రయాణం చేయనక్కరలేదు.

రెండో రోజు ఉదయం గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ తిని కొండపల్లి వెళ్లాము. ఈ ప్రయాణమంతటిలో నాకు ఎక్కువ నేర్పిన చోటు అదే. బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని దశావతారాల వరసకు రంగులు వేస్తున్నారు. తెల్లపొణికి కర్రను చెక్కి, విడి భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, ఆ మీద రంగు వేస్తారు. మత్స్యావతారానికి కన్ను పెట్టేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టి, చిటికెన వేలిని బొమ్మ చెంపకు ఆనించి, కుంచె మొనతో ఒక్క చుక్క పెట్టారు. ఆ చుక్క తీయాలని మూడు కెమెరాలూ సిద్ధంగా ఉన్నాయి, అంటే నావి రెండు, బావమరిదిది ఒకటి.

అరుగు మీద వెలుగు ఒక ఎల్ఈడీ బల్బుది. బావమరిది వీడియో మొదలుపెట్టగానే తెర మీద నల్లటి చారలు పైనుంచి కిందికి నెమ్మదిగా పాకాయి. మొదట కెమెరా చెడిపోయిందనుకున్నాము. కారణం వేరు. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది, అందువల్ల చవక రకం బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. మన కంటికి అది కనిపించదు. ఆ బాడీని మాకు ముందు వాడినవారు సెకనుకు 60 ఫ్రేముల పద్ధతిలో పెట్టి, షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో 60వ వంతుకు ఉంచారు. మెనూలో పాల్ (PAL, మనలా 50 ఆవృత్తుల కరెంటున్న చోట్ల వాడే వీడియో పద్ధతి) ఎంచి, 25 ఫ్రేములకు సెకనులో 50వ వంతు, 50 ఫ్రేములకు 100వ వంతు షట్టర్ పెట్టగానే చారలు మాయమయ్యాయి. పెళ్లి మండపాలలో ఎన్నో వీడియోలు ఈ ఒక్క కారణానికి పాడవుతాయి. కొత్త కెమెరా పెట్టె తెరిచిన రోజే చేయవలసిన మొదటి పని ఇది, ఏ కంపెనీది కొన్నా సరే.

ఆటోఫోకస్ విషయంలో మూడింటి మధ్య గొప్ప తేడా నాకు కనబడలేదు. పెద్దాయన తల వంచినా కన్ను దొరికినంతసేపు మూడూ కంటినే పట్టుకున్నాయి. కుంచె మీదికి ఫోకస్ దింపాలంటే మాత్రం తెర మీద వేలు పెట్టి చెప్పవలసి వచ్చింది, అది న్యాయమే. తేడా వీడియో వెడల్పులో తెలిసింది. ఆ అరుగు ముందు వెనక్కి జరగడానికి చోటు లేదు. సోనీ ఏ7 4 లో 4కే (దాదాపు నాలుగు వేల పిక్సెళ్ల వెడల్పు) వీడియో 50 ఫ్రేములకు పెడితే చట్రం అంచులు కత్తిరించబడి దృశ్యం 1.5 రెట్లు దగ్గరికి వస్తుంది, 25 ఫ్రేములకు మాత్రం పూర్తి వెడల్పు, అదీ 7కే నుంచి కుదించిన చక్కటి స్పష్టతతో ఇస్తుంది. కెనాన్ ఆర్6 మార్క్ 2, నికాన్ జడ్6 3 రెండూ ఆ వేగంలో కూడా పూర్తి వెడల్పు ఇస్తాయి. తలంబ్రాల ఘట్టాన్ని నిదానం చేసి చూపించాలనుకునే మా బావమరిది లాంటివారికి ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే మండపంలో ఎప్పుడూ చోటు ఉండదు.

సాయంత్రం ప్రకాశం బ్యారేజి దగ్గరికి చేరుకున్నాము. 1957లో పూర్తయిన ఈ కట్టడానికి 70 గేట్లు, దాదాపు 1223 మీటర్ల పొడవు. దీపాలు వెలిగాక ఆ స్తంభాల వరస నీళ్లలో మెరుస్తుంటే ఫొటో తీయని వారుండరు. మేము మాత్రం దాన్ని ఇంకో పనికి వాడుకున్నాము. నడుస్తున్న కారు కిటికీలోంచి ఒక్కొక్క కెమెరాతో స్తంభాలను వీడియో తీశాము. సెన్సార్ వరసలు ఒకదాని తర్వాత ఒకటి చదవబడతాయి కాబట్టి, ఆ చదువు నెమ్మదిగా సాగితే నిటారు స్తంభం గాలికి వంగిన అరటిచెట్టులా పక్కకు ఒరుగుతుంది. సోనీలో ఒరుగు స్పష్టంగా తెలిసింది, కెనాన్‌లో తక్కువ, నికాన్‌లో ఇంకా తక్కువ. నికాన్ జడ్6 3 లో పాక్షికంగా స్టాక్ చేసిన, అంటే వేగంగా చదివే సర్క్యూట్లను కొంత మేర పొరగా పేర్చిన, సెన్సార్ పెట్టింది ఇందుకే. ఆ వేగానికి బదులుగా తక్కువ ఐఎస్ఓలో (వెలుగుకు కెమెరా సున్నితత్వాన్ని తగ్గించి పెట్టినప్పుడు) నీడల్లోని వివరం కొంచెం వదులుకోవాలి. బరాత్‌లో గుర్రం వెంట పరుగెత్తేవారికి ఆ వేగం కావాలి, మండపం ముందు ట్రైపాడ్ వేసి కూర్చునేవారికి అక్కరలేదు.

ఇంద్రకీలాద్రి మీద దర్శనం చేసుకున్నాము. ఆలయంలోకి కెమెరాలు తీసుకువెళ్లకూడదు కాబట్టి బ్యాగులు గదిలోనే ఉంచాము.

మూడో రోజు బ్యారేజి దాటి ఉండవల్లి వెళ్లాము. కొండను తొలిచి నిలిపిన నాలుగంతస్తుల గుహాలయం అది. పైనున్న ఒక అంతస్తులో శయనించిన అనంతపద్మనాభుడి దగ్గర వెలుగు అతి తక్కువ, స్తంభాల అవతల మాత్రం కళ్లు చెదిరే ఎండ, పచ్చటి పొలాలు. పురావస్తు శాఖ రక్షణలోని స్మారకాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి పొందాలి, మా దగ్గర అది లేదు. చేత్తోనే తీయాలి. అక్కడ బాడీలోని స్టెబిలైజేషన్ విలువ తెలిసింది. కంపెనీల లెక్క ప్రకారం కెనాన్, నికాన్ ఎనిమిది స్టాపుల దాకా, సోనీ అయిదున్నర స్టాపుల దాకా (ఒక్కో స్టాపుకు షట్టర్ సమయం రెట్టింపు చేయవచ్చు) వణుకును ఆపుతాయి. సెకనులో నాలుగో వంతు షట్టర్‌తో మోచేతులు పక్కటెముకలకు ఆనించి తీస్తే కెనాన్‌తో పదింట ఏడు, నికాన్‌తోనూ దాదాపు అన్నే, సోనీతో నాలుగు ఫొటోలు నిలిచాయి. ఇంటికి వచ్చాక రా ఫైళ్లలో (కెమెరా సవరించని ముడి ఫైళ్లు) నీడలను వెలిగించి చూస్తే మాత్రం 33 మెగాపిక్సెళ్ల సోనీ ఫొటోలో స్వామి పాదాల దగ్గరి ఉలి గాట్లు మిగతా రెండింటికన్నా వివరంగా కనబడ్డాయి. మిగిలినవి 24 మెగాపిక్సెళ్లవి. పెద్ద ప్రింట్లు వేసేవారు దీన్ని తేలికగా తీసుకోకూడదు.

ఫుల్ ఫ్రేమ్ ఎందుకన్న ప్రశ్నకూ నాకు ఆ గుహలోనే జవాబు దొరికింది. 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తున్న సెన్సార్ వైశాల్యం చిన్న ఏపీఎస్‌సీ సెన్సార్‌కన్నా రెండు రెట్ల పైమాటే. అదే లెన్సు, అదే షట్టర్ పెట్టినా అంత ఎక్కువ వెలుగు పోగవుతుంది. పగటి పూట ఊరి ఫొటోలు తీసుకునేవారికి ఈ ఖర్చు అవసరమని నేను చెప్పను.

మధ్యాహ్నానికి గుంటూరు మిర్చి యార్డుకు వచ్చాము. సీజను కావడంతో తేజ, 334 రకాల బస్తాలు గోడల్లా పేర్చి ఉన్నాయి, గాలిలోనే ఘాటు. ముందుగా అడిగి, ఒక వ్యాపారి అనుమతితో ఆయన కొట్టు ముందు తీశాము. అక్కడ లెన్సు మార్చడమంటే సెన్సార్‌ను మిరపపొడిలో ముంచడమే, కాబట్టి కారులో అద్దాలు మూసుకుని మార్చాము. అసలు పరీక్ష వేడి పెట్టింది. ఎండలో 4కే 50 ఫ్రేములు ఆపకుండా తీస్తుంటే ఒక బాడీ ఇరవై అయిదు నిమిషాలకు వేడెక్కి ఆగిపోయింది. ఎక్కువ కెమెరాలకు కంపెనీలు చెప్పే పని ఉష్ణోగ్రత 40 డిగ్రీల దాకానే, మన మే నెల ముహూర్తాలు దాన్ని దాటిపోతాయి. తెరను బాడీ నుంచి దూరంగా తిప్పి ఉంచడం, గొడుగు పట్టడం, అవసరం లేని చోట 25 ఫ్రేములకు దిగడం మేము కనుక్కున్న ఉపాయాలు. గంటల తరబడి ప్రసంగాలు, కచేరీలు తీసేవారు లోపల ఫ్యాన్ ఉన్న పానసోనిక్ ఎస్5 2 ను చూడాలని నా గట్టి సలహా. అందులో 4కే 50 ఫ్రేములకు కత్తిరింపు ఉన్నా, వేడికి ఆగిపోతుందన్న భయం చాలా తగ్గుతుంది.

సాయంత్రం ఉప్పలపాడు చెరువు దగ్గర గూడబాతులు గూళ్లకు తిరిగి వస్తుంటే తీశాము. నా పాత 70-200 లెన్సును అడాప్టర్‌తో కెనాన్‌కు తగిలిస్తే అది కొత్త లెన్సులా, పాత బాడీ మీదకన్నా వేగంగా పని చేసింది. మా నిర్ణయం ఆ చెరువు గట్టు మీదే జరిగింది. బాడీ ధర సగం లెక్క మాత్రమే, మిగతా సగం లెన్సులది. కొత్తగా మొదలుపెట్టేవారైతే నేను సోనీ వైపే చూపిస్తాను, ఎందుకంటే టామ్రాన్, సిగ్మా కంపెనీల లెన్సులు దానికి ఎన్నో ధరల్లో దొరుకుతాయి. ఫుల్ ఫ్రేమ్ ఆర్ఎఫ్ (కెనాన్ మిర్రర్‌లెస్ రకం) లెన్సుల్లో కెనాన్ ఆ వీలు పెద్దగా ఇవ్వలేదు. వీడియోయే ప్రధానమైనవారికి 6కే రా రికార్డింగు, ఎండలోనూ తేటగా కనబడే వ్యూఫైండర్ ఉన్న నికాన్ తగినది, కానీ దాని 760 గ్రాముల బరువు జింబాల్ (కెమెరా కదలకుండా పట్టే చేతి స్టాండు) మీద తెలుస్తుంది, కార్డుల్లో ఒకటి ఖరీదైన సీఎఫ్ఎక్స్‌ప్రెస్ రకం. మాకు ఇప్పటికే రెండు మంచి ఈఎఫ్ (పాత కెనాన్ కెమెరాల రకం) లెన్సులు ఉన్నాయి, రెండు స్లాట్లలోనూ మామూలు ఎస్‌డీ కార్డులే పడతాయి, 4కే 50 కి కత్తిరింపు లేదు. కెనాన్ తీసుకుంటున్నాము. దానిలో మాకు నచ్చనిది బయటి తెరకు తీగ తగిలించే సన్నటి మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రం ఒక్కటే. మండపంలో ఎవరైనా తీగ తన్నుకుంటే ముందు పోయేది అదే కనుక, తీగను బాడీకి బిగించే క్లాంపు కూడా కొంటాము.

కొనేది జీఎస్టీ బిల్లుతో, ఇండియా వారంటీ కార్డుతో మాత్రమే. పదిహేను వేలు తక్కువకు ఇస్తామన్న ఒక చోట వారంటీ కార్డు చూపించమంటే మాట మార్చారు, లేచి వచ్చేశాము. బిల్లులో బాడీతో పాటు ఈఎఫ్ అడాప్టర్, రెండు అదనపు బ్యాటరీలు, వీడియోకు సరిపడే వేగమున్న వీ60 రకం కార్డులు రెండు ఉంటాయి. కొత్త లెన్సు ఈ ఏడాదికి లేదు. వైశాఖంలో తెనాలిలో ఒప్పుకున్న పెళ్లికి అతను ఆ బాడీతో వీడియో తీస్తాడు, నేను పక్కన పాత 6డి తోనే ఫొటోలు తీస్తాను.