షుగర్ పూర్తిగా పోగొడతామనే పొడి కొనేముందు ఇది చదవండి

మారతహళ్లిలో మా దగ్గరే ఉంటున్న మా మామయ్యగారు ఒక తెలుగు వీడియో చూసి షుగర్ పొడి తెప్పించుకున్నారు. మూడు నెలల కోర్సు, 5,400 రూపాయలు. వీడియోలో తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, వినసొంపైన గోదావరి యాస. బెంగళూరులో మన యాస వినపడితే పెద్దవాళ్లు ఇట్టే నమ్మేస్తారు, అది అమ్మేవాళ్లకీ తెలుసు. "మాత్రలు ఆపేయండి, ఈ పొడి చాలు" అన్నాడాయన. మామయ్యగారు ఎవరికీ చెప్పకుండా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఆపేశారు.

రాత్రిళ్లు పదేపదే లేస్తున్నారని అత్తయ్యగారు అంటే టెస్టు చేయించాం. హెచ్‌బీఏ1సీ 7.1 నుంచి 10.4కి ఎక్కింది. అది రెండు మూడు నెలల షుగర్ సగటు చూపించే టెస్టు, నిన్న తిన్న మైసూర్‌పాక్ మీదకి నెట్టేయడానికి లేదు. డబ్బు వెనక్కి అడిగితే "ఒంట్లో విషం బయటికొస్తోంది, ఇంకో కోర్సు వాడండి" అన్నారు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు.

డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉంది కాబట్టి గవర్నమెంటు ఒప్పుకున్నట్టేనని మామయ్యగారి వాదన. ఆ 14 అంకెల నంబరు ఆహార పదార్థాల వ్యాపారానికి ఇచ్చే లైసెన్సు. కారప్పొడి ప్యాకెట్ మీద కూడా ఉంటుంది. జబ్బు తగ్గుతుందని ఎవరూ పరీక్షించి ఇచ్చింది కాదు. పైగా ఫుడ్ సప్లిమెంట్ అయితే 'మందుగా వాడటానికి కాదు' అని లేబుల్ మీద రాయాలి. మా డబ్బా అడుగున చీమతలంత అక్షరాల్లో రాసే ఉంది! తయారీ పద్ధతికి సంబంధించిన జీఎంపీ, ఐఎస్ఓ ముద్రలూ పొడి పనిచేస్తుందనడానికి రుజువు కావు.

అసలు షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. బీపీ, ఊబకాయం, క్యాన్సర్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 'గ్యారంటీ' అన్నారంటే ఇక మిగతా వీడియో చూడక్కర్లేదు.

డాక్టర్ అని చెప్పుకుంటే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఎంబీబీఎస్ వాళ్ల పేర్లు నేషనల్ మెడికల్ కమిషన్ సైట్‌లో వెతకొచ్చు. మేం అడిగితే "నంబరు కంటే అనుభవం ముఖ్యం" అని జవాబు. నిజంగా డాక్టరే అయినా, వీడియో కింద కొనే లింకు ఆయనదే అయితే నేను నమ్మను.

బిల్లు, వీడియో స్క్రీన్‌షాట్లు దాచుకుని కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటిది వాడుతుంటే తిట్టకండి, తిడితే దాచిపెడతారు. ఇన్సులిన్ ఆపేసి ఉంటే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. డబ్బా కూడా పట్టుకెళ్లండి, ఇలాంటి కొన్ని పొడుల్లో చెప్పకుండా ఇంగ్లీషు మందు కలిపిన కేసులు బయటపడ్డాయి.