చిప్ ఉన్న ప్రింటర్ కొంటున్నారా? అప్‌డేట్ పేరుతో జరుగుతున్నది తెలుసుకుని కొనండి

జిరాక్స్ సెంటర్, నెట్ సెంటర్, ట్యూషన్ సెంటర్ నడిపేవాళ్లు, పిల్లల ప్రాజెక్టు వర్కుల కోసం ఇంట్లోకి ప్రింటర్ కొనాలనుకునేవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. ముఖ్యంగా ఆఫర్‌లో సగం ధరకే వస్తోందని చిన్న లేజర్ ప్రింటర్‌కి ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు ఒక్క పూట ఆగండి.

మాది కాలేజీ రోడ్డులో చిన్న షాపు. పోయిన సంవత్సరం పేరున్న ఒక కంపెనీ లేజర్ ప్రింటర్ తీసుకున్నాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. కింద కొన్ని కంపెనీల పేర్లు వస్తాయి, అవి కోర్టు కేసుల్లోనూ వార్తల్లోనూ ఉన్న సంగతులు. నాది వాటిలోదే అనుకోకండి.

ప్రింటర్‌తో వచ్చిన టోనర్ (ఇంకు బదులు లేజర్ ప్రింటర్‌లో వాడే పొడి) అయిపోగానే మా రీఫిల్లింగ్ కుర్రాడు బండి మీద వచ్చి కాట్రిడ్జ్‌లో, అంటే ఆ పొడి ఉండే డబ్బాలో, పొడి నింపి, కాట్రిడ్జ్ ఎవరిదో ప్రింటర్‌కి చెప్పే చిప్ మార్చి వెళ్లాడు. 300 రూపాయలతో పని అయిపోయింది. ఒరిజినల్ కాట్రిడ్జ్ కొంటే 3,000 దాటుతుంది. ఒక కాపీకి రెండు రూపాయలు తీసుకునే షాపులో ఆ తేడా ఎంతో చెప్పక్కర్లేదు కదా. ప్రింట్ కూడా నల్లగా, శుభ్రంగానే వచ్చేది, ఎవరూ వంక పెట్టలేదు.

తీరా హాల్‌టికెట్ల సీజన్‌లో, షాపు బయట దాకా పిల్లలు నిలబడి ఉన్నప్పుడు ఆరెంజ్ లైట్ వెలిగి మెషీన్ ఆగిపోయింది. కాట్రిడ్జ్‌లో ఒరిజినల్ కాని చిప్ ఉంది, వేరేది పెట్టండి అని మెసేజ్. ముందురోజు రాత్రి షాపు మూసేదాకా అదే కాట్రిడ్జ్‌తో బాండ్ పేపర్ల మీద అగ్రిమెంట్లు తీశాం. బయటికి తీసి చూస్తే కాట్రిడ్జ్ పక్కన వేలిగోరంత పచ్చ ముక్క, దాని మీద బంగారు రంగు గీతలు, ఎక్కడా గీరుకుపోలేదు. ఎరేజర్‌తో తుడిచాం, స్పిరిట్‌తో తుడిచాం, ఇంకో కొత్త చిప్ అంటించి చూశాం. అదే మెసేజ్. రీఫిల్ కుర్రాడు ప్రింటర్ మెనూలోకి వెళ్లి ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ని లోపల నడిపించే సాఫ్ట్‌వేర్) తేదీ చూసి తేల్చేశాడు: "అన్నా, రాత్రి అప్‌డేట్ ఎక్కింది. ఇక మన చిప్‌లు తీసుకోదు."

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. ఇది డిఫెక్ట్ కాదట, సెక్యూరిటీ ఫీచర్ అట. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే వీలుందా అంటే లేదంది. మరి కొన్న రోజున పనిచేసింది ఇప్పుడెందుకు పనిచేయదు అంటే, బాక్స్ మీద రాసి ఉంది చూడండి సార్ అంది. నిజమే, రాసి ఉంది. అడుగున, బార్‌కోడ్ పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో.

మెషీన్‌కి ఏ రోగమూ లేదు. ఇది లాయర్ల ఆఫీసుల్లో, బోర్డు మీటింగుల్లో, కొంతవరకు ప్రభుత్వాల దగ్గర నిర్ణయమైన సంగతి. నాకు తిక్కరేగి దీని పుట్టుపూర్వోత్తరాలు చదివాను. కొనేముందు మీకూ తెలిసి ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

ప్రింటర్‌ని లాభం లేకుండానో, నష్టానికో అమ్మి, ఆ తర్వాత ఇంకు మీదా టోనర్ మీదా సంపాదించుకోవడం ఈ వ్యాపారంలో పాత పద్ధతి. 2024 జనవరిలో అప్పటి హెచ్‌పీ సీఈఓ ఎన్రికే లోరెస్ ఒక టీవీ ఇంటర్వ్యూలో ఈ మాట దాచుకోకుండా చెప్పారు. కస్టమర్ ప్రింటర్ కొంటే కంపెనీ అతని మీద పెట్టుబడి పెట్టినట్టట, అతను తగినంత ప్రింట్లు తీయకపోయినా, తమ ఇంకు వాడకపోయినా అది చెడ్డ పెట్టుబడి అట. అంటే డబ్బు మనది, పెట్టుబడి వాళ్లది! బయటి కాట్రిడ్జ్ చిప్ ద్వారా వైరస్ ఎక్కించే ప్రమాదం ఉంది, అందుకే ఈ అడ్డు అని కూడా అన్నారు. చిప్‌లో అలాంటి లొసుగు ఉంటే సరిచేయాల్సింది ప్రింటర్‌ని కదా. నాకైతే ఆ వాదన మింగుడు పడలేదు.

ఈ చిప్‌ల తగాదాలో అన్నిటికంటే పెద్ద కథ లెక్స్‌మార్క్‌ది. ఐబీఎం నుంచి 1991లో విడిపోయిన కంపెనీ, అమెరికాలో కెంటకీ రాష్ట్రం వాళ్లది. వాళ్లు కాట్రిడ్జ్‌ని రెండు ధరలకు అమ్మేవారు. తక్కువ ధరకి కొన్నవాళ్లు ఖాళీ కాట్రిడ్జ్‌ని తిరిగి వాళ్లకే ఇవ్వాలి, బయట నింపించకూడదు. ఈ షరతుని కాపలా కాయడానికే చిప్ పెట్టారు. నార్త్ కరోలినాలోని స్టాటిక్ కంట్రోల్ అనే కంపెనీ ఆ చిప్‌కి నకలు తయారుచేసి రీఫిల్ చేసేవాళ్లకి అమ్మింది. లెక్స్‌మార్క్ 2002 చివర్లో కోర్టుకెక్కింది. ఏ చట్టం కింద అనుకున్నారు? సినిమాలు, పాటలు డిజిటల్‌గా దొంగ కాపీలు చేయకుండా 1998లో అమెరికా తెచ్చిన కాపీరైట్ చట్టం కింద! చిప్‌లో ఉన్న ప్రోగ్రామ్ పెద్ద మోడల్‌లో కూడా 55 బైట్లు. ఈ పోస్టులో ఒక్క వాక్యం కంటే చిన్నది. దానికి కాపీరైట్, దాన్ని దాటడం నేరం అన్నది వాదన. కింది కోర్టు మొదట లెక్స్‌మార్క్ వైపే నిలిచింది. 2004లో అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ప్రింటర్ కొన్నవాడు ఎవరైనా అందులోని ప్రోగ్రామ్‌ని నేరుగా చదువుకోగలిగినప్పుడు, వీధి తలుపు తెరిచి ఉంచి పెరటి తలుపుకి తాళం వేసినట్టే కదా అని జడ్జీలు అన్నారు.

కాపీరైట్ దారి మూసుకుపోతే పేటెంట్ దారి పట్టారు. ఈసారి వెస్ట్ వర్జీనియాలోని ఇంప్రెషన్ ప్రోడక్ట్స్ అనే చిన్న కంపెనీ మీద పడ్డారు. మిగతావాళ్లు చాలామంది రాజీ పడినా ఆ చిన్న కంపెనీ సుప్రీంకోర్టు దాకా నిలబడింది. 2017 మేలో తీర్పు వచ్చింది: వస్తువు ఒకసారి అమ్మేశాక దాని మీద పేటెంట్ హక్కు అక్కడితో తీరిపోతుంది, అమెరికాలో అమ్మినా బయట దేశంలో అమ్మినా అంతే. రీఫిల్ చేసేవాళ్లకి ఇంతకంటే మంచి తీర్పు ఉండదు.

మరి మనకెందుకు కష్టం తీరలేదంటే, కోర్టు పేటెంట్ దావాని ఆపింది గానీ చిప్‌ని ఆపలేదు. చట్టంతో కుదరని పని సాఫ్ట్‌వేర్‌తో చేసుకోవడం ఆ తీర్పుకి ముందే మొదలైంది. 2016 సెప్టెంబర్ 13న ప్రపంచవ్యాప్తంగా చాలా హెచ్‌పీ ఇంక్‌జెట్ (ఇంకుతో పనిచేసే) ప్రింటర్లు ఒక్కసారిగా బయటి కాట్రిడ్జ్‌లను తిప్పికొట్టాయి. నెలల ముందే ఎక్కించిన ఫర్మ్‌వేర్‌లో ఆ తేదీ దాక్కుని ఉంది. గొడవయ్యాక, సరిగా చెప్పనందుకు కంపెనీ క్షమాపణ చెప్పి, అడ్డు లేని ఫర్మ్‌వేర్ ఒకటి విడుదల చేసింది, కానీ ఆ పద్ధతి మాత్రం మానలేదు. 2020 డిసెంబర్‌లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ, ఈ పరిమితుల గురించి కొనేవాళ్లకి స్పష్టంగా చెప్పలేదని హెచ్‌పీకి కోటి యూరోల జరిమానా వేసింది. గమనించండి, చిప్ పెట్టినందుకు కాదు, ముందే స్పష్టంగా చెప్పనందుకు. ఆ తర్వాత కంపెనీలు బాక్స్ మీద ఆ ముక్క రాయడం నేర్చుకున్నాయి. ఎంత సైజు అక్షరాల్లోనో పైన చెప్పాను.

ఇక లెక్స్‌మార్క్ ఏమైందో వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. చైనాలోని జుహాయ్ నగరంలో అపెక్స్ అని ఒక కంపెనీ ఉంది, వ్యాపారమే బయటి కాట్రిడ్జ్‌లకు చిప్‌లు చేయడం. వాళ్లు 2015లో స్టాటిక్ కంట్రోల్‌ని కొన్నారు. మరుసటి సంవత్సరం ఇంకొందరు మదుపరులతో కలిసి సుమారు 360 కోట్ల డాలర్లకు లెక్స్‌మార్క్‌నే కొనేశారు. ఏళ్ల తరబడి కోర్టులో కొట్టుకున్న ఇద్దరూ ఒకే యజమాని కిందికి వచ్చారు. అపెక్స్ తర్వాత నైన్‌స్టార్‌గా పేరు మార్చుకుంది. 2023 జూన్‌లో అమెరికా ప్రభుత్వం నైన్‌స్టార్‌ని, దాని అనుబంధ కంపెనీలను వీగర్ల (చైనాలోని ఒక ముస్లిం మైనారిటీ) నిర్బంధ శ్రమ నిరోధక చట్టం కింద ఆంక్షల జాబితాలో చేర్చి, దిగుమతులు ఆపింది. కంపెనీ దాన్ని కోర్టులో సవాలు చేసింది. చివరికి 2024 డిసెంబర్‌లో లెక్స్‌మార్క్‌ని 150 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు జిరాక్స్ ప్రకటించింది, 2025 జూలైలో ఆ కొనుగోలు పూర్తయింది. మన షాపుల బోర్డుల మీద పేరున్న ఆ జిరాక్సే. ఇన్ని చేతులు మారినా కాట్రిడ్జ్ మీద చిప్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

చిప్ లేకపోతే ప్రింట్ క్వాలిటీ పాడవుతుందని సేల్స్‌వాళ్లు చెబితే కానన్ సంగతి గుర్తు చేయండి. 2022 మొదట్లో చిప్‌ల కొరత వచ్చి కానన్ తన సొంత టోనర్ కాట్రిడ్జ్‌లనే చిప్ లేకుండా అమ్మాల్సి వచ్చింది. వాటిని పెడితే ఆఫీసు మెషీన్లు డూప్లికేట్ అని గోల పెట్టాయి. అప్పుడు జర్మనీలో కానన్ వాళ్లే ఆ మెసేజ్‌లను ఎలా దాటాలో కస్టమర్లకు చెప్పారు. ప్రింట్ క్వాలిటీకి ఢోకా లేదు, టోనర్ ఎంత మిగిలిందో చూపించకపోవచ్చు, అంతే అన్నారు.

మన దేశంలో పరిస్థితి? 2012లో మన కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేర్చారు. డిజిటల్ తాళాన్ని దాటితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. కానీ కాపీరైట్ హక్కుని ఉల్లంఘించే ఉద్దేశంతో దాటితేనే అని సెక్షన్‌లోనే ఉంది. మన కాట్రిడ్జ్‌లో మనం పొడి నింపించుకోవడం ఆ కిందికి రాదని నా అవగాహన, ఎవరైనా లాయర్లు ఉంటే చెప్పండి. రీఫిల్ చేసినదాన్ని కంపెనీ బాక్స్‌లో పెట్టి ఒరిజినల్ అని అమ్మడం మాత్రం వేరే సంగతి, అది పక్కా మోసం, నేరం. రెండిటినీ కలిపి 'డూప్లికేట్' అని భయపెడుతున్నారు, భయపడకండి. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. ఫోన్లు, ఫ్రిజ్‌ల రిపేర్ సమాచారానికి పనికొస్తుంది గానీ, రాత్రికి రాత్రి అప్‌డేట్ ఎక్కించినవాళ్లని ఏమీ చేయలేదు.

ఇప్పుడు కొనబోయేవాళ్లకి నా మాట. నెలకి వందల పేజీలు తీసేవాళ్లయితే సీసాలతో ఇంకు పోసుకునే ట్యాంక్ ప్రింటర్ చూడండి. ధర ఎక్కువే, కానీ ఇంకు దగ్గర కొట్టుకోవాల్సిన పని ఉండదు. ఆ మోడల్ పుట్టిందే ఇలాంటి పోరు వల్ల. జనం చవక ప్రింటర్లకు గొట్టాలు పెట్టి బయట డబ్బాలు తగిలించుకుంటుంటే, ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో కంపెనీ తరఫునే ట్యాంకు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. లేజరే కావాలంటే, కొనేముందు మీ ఊరి రీఫిల్లింగ్ వాళ్లని అడగండి, షోరూమ్ వాళ్లని కాదు. ఏ మోడల్ చిప్ దొరుకుతుంది, ఏది ఈమధ్య ఆగిపోయిందో వాళ్లకి కంఠోపాఠం.

సెటప్ చేసేటప్పుడు తొందరపడి అన్నిటికీ ఓకే నొక్కకండి. వైఫై ఇవ్వకుండా యూఎస్‌బీ కేబుల్‌తో పని జరిగితే అలాగే వాడుకోండి, మెనూలో ఆటో అప్‌డేట్ ఆపేయండి. సెక్యూరిటీ అప్‌డేట్ ఆపడం మంచిది కాదని కొందరు అంటారు, అదీ నిజమే, అందుకే నెట్‌కి తగిలించకుండా వాడమంటున్నాను. అమెరికా నుంచి చుట్టాలు ప్రింటర్ తెస్తామంటే వద్దనండి. చాలా కంపెనీల కాట్రిడ్జ్‌లకు ప్రాంతం లాక్ ఉంటుంది, అక్కడి ప్రింటర్‌లో ఇక్కడ కొన్న ఒరిజినల్ కూడా పనిచేయకపోవచ్చు. పైగా అక్కడి లేజర్ ప్రింటర్ 110 వోల్టులది అయితే అదో తలనొప్పి. మోడల్ నంబర్ చివర 'ఇ' అక్షరం ఉన్న కొన్ని హెచ్‌పీ ప్రింటర్లు ఒక స్కీమ్‌తో వస్తాయి. సెటప్‌లో దానికి ఒప్పుకుంటే ఇక ఎప్పటికీ నెట్ కనెక్షన్, వాళ్ల ఇంకు తప్పనిసరి.

నాలాగే ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. నేను పెట్టాను. ఇది కంపెనీ పాలసీ అని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఇక జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను, 5 లక్షల లోపు వస్తువుకైతే ఫీజు లేదు. షాపులవాళ్లు ఒక సంగతి చూసుకోండి. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారని కంపెనీ లాయర్ అడ్డు తగులుతాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(7) కింద వివరణ ఉంది: స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్నవాళ్లూ వినియోగదారులే. అది ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయండి.

ప్రింటర్ ఇంకా బాగానే నడుస్తున్నవాళ్లు ఈరోజే మెనూలోంచి కాన్ఫిగరేషన్ పేజీ ఒకటి ప్రింట్ తీసి బిల్లుతో పాటు దాచుకోండి, ఫర్మ్‌వేర్ వెర్షన్ దాని మీద ఉంటుంది. బాక్స్ పారేయకండి. ఇలాగే ఆగిపోయినవాళ్లు మోడల్ నంబర్, ఏ వెర్షన్ నుంచి ఆగిందో కింద రాయండి, కమిషన్‌లో నేనొక్కడినే కాదని చూపించడానికి పనికొస్తుంది.