మాన్యువల్ కారుకు రిమోట్ స్టార్ట్ అలారం కిట్: అలారానికి 4, స్టార్ట్‌కు 2

ఎండకాలంలో హన్మకొండ చౌరస్తాలో గంటసేపు ఎండన నిలబెట్టిన కారు స్టీరింగును ఉత్త చేతులతో పట్టుకోలేం. ఎక్కేలోపే ఏసీ నడిచి ఉంటే బాగుండునని రిమోట్ స్టార్ట్ (దూరం నుంచే రిమోట్‌తో ఇంజన్ స్టార్ట్ చేయడం) గురించి అడిగేవాళ్లకే ఈ రివ్యూ. ఇక్కడ చెప్పేది బయట షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే పేరులేని కిట్ గురించి. అందులో అలారం, సెంట్రల్ లాక్, రిమోట్ స్టార్ట్ మూడూ కలిసే వస్తాయి. అలారానికి 5లో 4 ఇవ్వొచ్చు. మాన్యువల్ గేరు బండిలో రిమోట్ స్టార్ట్‌కు 2 మించి ఇవ్వలేం. తేడా కిట్‌లో కన్నా ఫిట్టింగ్‌లోనే ఎక్కువ.

డబ్బాలో మెయిన్ యూనిట్, రెండు రిమోట్లు, సైరన్, షాక్ సెన్సర్, బోనెట్ పిన్ స్విచ్చి, మినుకుమినుకుమనే ఎల్ఈడీ, ఓవర్‌రైడ్ బటన్, వైర్ల కట్ట ఉంటాయి. తాళంలోని చిప్ లేకుండా ఇంజన్‌ను అందుకోనివ్వని ఇమ్మొబిలైజర్‌ను దాటించే పరికరం, అంటే ఇమ్మొబిలైజర్ బైపాస్ మాత్రం ఉండదు. అసలు ఖర్చు అక్కడే మొదలవుతుంది కాబట్టి, కిట్ ధర ఒక్కటే చూసి బేరం కుదుర్చుకోవద్దు.

స్టీరింగు కింద కవరు విప్పితే ఇగ్నిషన్ స్విచ్చి వెనక నాలుగైదు లావు వైర్లు కనిపిస్తాయి. తాళం తీసేసినా 12 వోల్టులు చూపించేది బ్యాటరీ వైరు. తాళం మొదటి మెట్టులోనే కరెంటు వచ్చి, స్టార్టర్ తిరిగేటప్పుడు పోయేది ఏసీసీ, అంటే యాక్సెసరీ వైరు. ఆన్‌లో వచ్చి, స్టార్టర్ తిరుగుతున్నా పోకుండా ఉండేది మెయిన్ ఇగ్నిషన్. ఆన్‌లో ఉండి, స్టార్టర్ తిరిగేటప్పుడు పడిపోయేది రెండో ఇగ్నిషన్. స్టార్ట్‌లో మాత్రమే వచ్చేది స్టార్టర్ వైరు. చాలా బండ్లలో బ్లోయరు, ఏసీ నడిచేది రెండో ఇగ్నిషన్ మీదే. తొందరలో దాన్ని వదిలేస్తే ఇంజన్ స్టార్ట్ అవుతుంది గానీ గాలి రాదు. ఇక చల్లదనం కోసం పెట్టించి ఏం లాభం?

ఒకే కంపెనీలో కూడా మోడల్ మోడల్‌కూ వైర్ల రంగులు మారతాయి. కాబట్టి ప్రతి వైరునూ మల్టీమీటరుతో చూసుకున్నాకే కలపాలి. బల్బు టెస్టర్ పట్టుకొచ్చే మెకానిక్‌ను అక్కడే ఆపండి. బల్బు కరెంటు లాగుతుంది, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) వైరుకు తగిలితే నష్టం పెద్దది. పసుపు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికే పోకూడదు. వైర్లను మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుడితే మన ఎండలకు జిగురు కరిగి టేపు ఊడొస్తుంది. సోల్డరింగ్ చేసి ష్రింక్ స్లీవ్ వేయమనండి. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరుకు, వైరు మొదట్లోనే, కిట్‌లో చెప్పిన రేటింగు ఫ్యూజు ఉండాలి. అది కాలిపోతోందని ఇంకా పెద్దది పెడితే తర్వాత కాలేది వైరే.

తాళంలో చిప్ ఉన్న బండ్లలో, అంటే మారుతీ ఐక్యాట్స్ అని పిలిచేలాంటి వ్యవస్థ ఉన్నవాటిలో, చిప్‌ను చదవకుండా ఇంజన్ అందుకోదు. అందుకని షాపులో రెండో తాళం అడుగుతారు. దాన్ని చిన్న డబ్బాలో పెట్టి డ్యాష్‌బోర్డు లోపల దాచి, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్‌కు కలుపుతారు. ఆ కలయిక ఎప్పుడూ ఉండేలా చేస్తే కంపెనీ ఇచ్చిన ఇమ్మొబిలైజర్ ఉన్నా లేనట్టే. రిమోట్ నొక్కినప్పుడు మాత్రమే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) ద్వారా కలిసేలా ఉండాలి. దొంగల భయంతో అలారం పెట్టించుకుంటూ తాళాన్ని బండిలోనే వదిలిరావడం ఏం లెక్కో ఒకసారి ఆలోచించండి.

అసలు ప్రమాదం గేరుతో. మాన్యువల్ బండి న్యూట్రల్‌లో ఉందో లేదో ఈ కిట్‌కు నేరుగా తెలియదు, ఊహించుకుంటుంది. ఇంజన్ నడుస్తుండగా గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, హ్యాండ్ బ్రేక్ లాగి, రిమోట్ బటన్ నొక్కి తాళం తీస్తే ఇంజన్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. దిగి, డోర్లు మూసి, లాక్ చేశాక ఆగుతుంది. అప్పుడు బండి న్యూట్రల్‌లోనే ఉందనుకుని కిట్ రిమోట్ స్టార్ట్‌కు అనుమతి ఇస్తుంది. ఆ తర్వాత ఏ డోరు తెరిచినా, హ్యాండ్ బ్రేక్ దించినా ఆ అనుమతి రద్దు కావాలి. వెనక డోర్ల స్విచ్చి వైరు కలపకపోతే ఆ డోర్లు తెరిచినా రద్దు కాదు. కిటికీ అద్దం దించి ఉంటే బయటి నుంచి చెయ్యి పెట్టి గేరు కదిలించినా కిట్‌కు తెలియదు. పల్లంలో బండిని గేరులో వేసి ఆపే అలవాటున్నవాళ్లకు ఇది అసలు పనికిరాదు.

క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే బండ్లలో కొందరు ఫిట్టర్లు క్లచ్ స్విచ్చి వైర్లను శాశ్వతంగా కలిపేస్తారు. అప్పుడు గేరులో ఉండగా తాళంతో తిప్పినా బండి దూకుతుంది. ఇక్కడా రిలేనే వాడాలి. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే) బండ్లు స్టార్ట్ కావాలంటే బ్రేక్ సిగ్నల్ కూడా అడుగుతాయి, ఆ పని చేసిన అనుభవం లేనివాళ్లకు ఇవ్వొద్దు. హ్యుందాయ్ బ్లూలింక్ లాంటి కంపెనీ యాప్‌తోనే స్టార్ట్ అయ్యే వేరియంట్ ఉంటే ఈ గొడవంతా అక్కర్లేదు.

ఇంజన్ అందుకుందని కిట్‌కు ఎలా తెలుస్తుందో అడగండి. బ్యాటరీ వోల్టేజీ 12.6 నుంచి 14 దాకా పెరిగిందా అని చూసే పద్ధతి తేలికైనది. కానీ ఛార్జింగును ఈసీయూ నియంత్రించే కొత్త బండ్లలో వోల్టేజీ ఆలస్యంగా పెరగొచ్చు. అంతసేపూ స్టార్టర్ గరగరలాడుతూనే ఉంటుంది. ఇంజన్ తిరిగే వేగాన్ని చెప్పే ఆర్‌పీఎం సిగ్నల్ వైరు కలిపించుకోవడమే మేలు. డీజిల్ బండికి గ్లో ప్లగ్ (స్టార్ట్‌కు ముందు ఇంజన్‌ను లోపల వేడిచేసేది) వేడెక్కేదాకా ఆగే సెట్టింగు ఉండాలి.

అలారం వైపు చికాకంతా దెబ్బను, కుదుపును పసిగట్టే షాక్ సెన్సర్‌తోనే. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్కుకు డబుల్ సైడ్ టేపుతో అతికిస్తే ఎండకు ఊడి కింద పడుతుంది, ఆ దెబ్బకే సైరన్ మోగుతుంది. లోపలి ఇనుప పట్టీకి స్క్రూలతో బిగించాలి. సెన్సిటివిటీ ఎక్కువ పెడితే గ్రానైట్ లారీ పోయినా, గణేశ్ నిమజ్జనం డీజే వచ్చినా గోల. అద్దం మీద అరచేత్తో కొడితే ఒక్క చిన్న కూత, గట్టిగా గుద్దితేనే పూర్తి సైరన్ వచ్చేలా తిప్పుకోండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దగ్గర పార్క్ చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. సైరన్ మూతి కిందికి ఉండాలి, లేకుంటే వానకు నీళ్లు నిలుస్తాయి. సైలెన్సర్ పైపు వేడికి దూరంగా బిగించాలి.

లాక్ చేసి అరగంటయ్యాక మీటరు పెట్టి చూస్తే బండి మొత్తం 50 మిల్లీ ఆంపియర్ల లోపే లాగాలి. 50 అంటేనే రోజుకు 1.2 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలోని ఛార్జికి కొలత). 35 ఏహెచ్ బ్యాటరీ ఉన్న చిన్న కారును ఇరవై రోజులు కదపకపోతే 24 ఏహెచ్ పోతుంది, స్టార్టర్ తిరగదు.

షాపు వదిలేముందు అక్కడే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. బోనెట్ ఎత్తి రిమోట్ నొక్కితే స్టార్ట్ కాకూడదు. లేదంటే ఏదో ఒకరోజు మెకానిక్ చెయ్యి ఫ్యాన్‌లో ఉండగా ఇంజన్ అందుకుంటుంది. హ్యాండ్ బ్రేక్ దించి నొక్కినా, వెనక డోరు ఒకసారి తెరిచి మూసి నొక్కినా స్టార్ట్ కాకూడదు. రిమోట్‌తో నడుస్తున్నప్పుడు తాళం లేకుండా బ్రేక్ తొక్కితే ఆగిపోవాలి. తాళం పెట్టి ఆన్ దాకా మాత్రమే తిప్పి బ్రేక్ తొక్కితే ఇంజన్ నడుస్తూనే ఉండాలి. ఆన్ దాటి స్టార్ట్‌కు తిప్పితే నడుస్తున్న ఇంజన్ మీద స్టార్టర్ పళ్లు రాసుకుంటాయి. ఏసీ నాబ్ ముందే ఆన్‌లో వదిలి, బ్లోయరు పూర్తి వేగంతో తిరుగుతోందా అనీ చూడాలి. మూసిన గ్యారేజీలో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ స్టార్ట్ వాడొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇన్సూరెన్సులో తగ్గింపు వస్తుందని షాపాయన చెబితే, కిట్‌కు ఏఆర్ఏఐ (వాహనాలను, వాటి పరికరాలను పరీక్షించే సంస్థ) ఆమోదం ఉందా అని అడగండి. ఇండియన్ మోటార్ టారిఫ్ ప్రకారం ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరానికే ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గించేది. పేరులేని కిట్‌కు అది రాదు. కంపెనీ వారంటీ ఉన్న బండికి వైర్లు కోస్తే ఎలక్ట్రికల్ క్లెయిమ్ దగ్గర పేచీ తప్పదు, రాతపూర్వకంగా ముందే అడగడం మంచిది.

ఓవర్‌రైడ్ బటన్ ఎక్కడ బిగించారో చూపించుకుని, దాన్ని ఎలా వాడాలో మీ చేతులతోనే ఒకసారి చేసి చూడండి. రిమోట్ సెల్లు అయిపోయిన రోజు తాళంతో డోరు తీయగానే సైరన్ మొదలవుతుంది, దాన్ని ఆపేది ఆ బటనే.